పాత గిటారు, కొత్త వెల

మా ఇంట ఒక వాల్వు రేడియో ఉండెడిది. అది మా నాయనగారు కొన్నది. ఉద్యోగములో చేరిన కొత్తలో మేము దానిని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయి బాగుచేయుమని ఇచ్చితిమి. వారము దినములకు పెట్టె తళతళలాడుచు తిరిగి వచ్చెను. స్పీకరు ముందరి పాత గుడ్డ పోయి కొత్త గుడ్డ వచ్చెను. లోపలి కండెన్సర్లన్నియు మారెను. స్టేషనుల పేర్లు వ్రాసిన గాజుపలకకు బదులు నిగనిగలాడు ప్లాస్టిక్ పలక అమరెను. రేడియో చక్కగా పలుకుచుండెను. ఆ విషయములో వంక పెట్టుటకు లేదు. కాని విజయవాడ ఎక్కడ, సిలోను ఎక్కడ అని మా నాయనగారు గాజుపలకపై ఎఱ్ఱరంగుతో పెట్టుకొన్న చుక్కలు ఏవి? అడుగగా, "పగుళ్లు పడిన పలకే గదండీ, పారేశాను" అని మరమ్మతుదారు చెప్పెను. అతని తప్పేమియు లేదు. బాగుచేయుమన్నది మేమే.

బాగుచేయుట అనగా ఏమి? వస్తువు పనిచేయునట్లు చేయుటయా, లేక అది ఉన్నదున్నట్లు నిలుపుటయా? ఇంటి రేడియో విషయములో ఈ చిక్కు కొంత మనఃకష్టముతో తీరిపోవును. ఇదే చిక్కు లక్షల డాలర్లతో ముడిపడిన వ్యాపారము ఒకటి కలదు. అది అమెరికాలో పుట్టి ఇంగ్లండు, జపాను మొదలగు దేశములకు ప్రాకిన పాత ఎలక్ట్రిక్ గిటారుల వ్యాపారము. రేడియో శ్రోతలకు గిటారులతో పనియేమి అని పాఠకులు అనుకొనవలదు. ఎలక్ట్రిక్ గిటారు రేడియో ఇంట పుట్టిన బిడ్డ. దాని పుట్టుక, పేరు, దాని వెలను నిర్ణయించు గీటురాయి, అన్నియు రేడియోతో పెనవేసికొన్నవే.

గిటారు మొదట మృదువుగా పలుకు వాద్యము. 1920 ప్రాంతముల అమెరికాలో నాట్యశాలల వాద్యబృందములు పెద్దవయ్యెను. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు మ్రోగుచుండగా గిటారు వాయించువాని చేయి కదలుట కనబడుటయేగాని నాదము వినబడకుండెను. జార్జి బీచమ్ అను వాద్యకారుడు లాస్ ఏంజిలిస్ నగరమున 1931-32లో దీనికొక ఉపాయము కనుగొనెను. అతని వాద్యము అల్యూమినియముతో పోతపోసిన గుండ్రని చిప్ప. దానికొక పొడుగుపాటి పిడి. చూచినవారు దానికి 'వేపుడు పెనము' అని ముద్దుపేరు పెట్టిరి. ఒడిలో పరుండబెట్టుకొని తీగెలపై ఉక్కు కడ్డీని జార్చుచు హవాయి పద్ధతిలో వాయించుటకు చేసినదది. మన గోటువాద్యము చూచినవారికి ఆ తీరు కొత్తగా తోచదు. తీగెలను చుట్టి లాడపు ఆకారపు అయస్కాంతములు రెండు, క్రింద సన్నని రాగితీగ చుట్ట. ఉక్కు తీగె కదలినపుడు అయస్కాంత క్షేత్రము చలించి ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని వాల్వుల ఆంప్లిఫయరు పెంచి లౌడ్ స్పీకరునకు అందించును. లౌడ్ స్పీకరులో విద్యుత్తు కదలికయై శబ్దమగును. ఇచ్చట కదలిక విద్యుత్తగును. పని ఒక్కటే, దిక్కు మాత్రము తలక్రిందు. ఈ చుట్టకే పికప్ అని పేరు. 1937 ఆగస్టులో బీచమ్‌నకు దీనిపై పేటెంటు దొరకెను.

ఈ పికప్‌ను బోలు గిటారులకు అమర్చుట తరువాతి మెట్టు. గిబ్సన్ కంపెనీ 1936లో అట్టి గిటారును విపణికి తెచ్చెను. కాని బోలుపెట్టె తానే కంపించునది. స్పీకరు శబ్దము పెట్టెను కదలించును, పెట్టె తీగెలను కదలించును, తీగెలు మరల స్పీకరును కదలించును. తుదకు కర్ణకఠోరమైన కూత బయలుదేరును. సభలో మైకును స్పీకరునకు ఎదురుగా పెట్టినపుడు పుట్టు కూత ఇట్టిదే. దీనికి మందు బోలు లేని నిండు చెక్క. ఆ మందును చవుకగా, పెద్ద సంఖ్యలో తయారుచేసినవాడు గిటారు వాయించుట ఎన్నడును నేర్వని ఒక రేడియో మరమ్మతుదారు.

అతని పేరు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అను చిన్న పట్టణమున 1938లో అతడు 'ఫెండర్ రేడియో సర్వీస్' అను దుకాణము తెరచెను. రేడియోలతోబాటు వాద్యకారుల ఆంప్లిఫయర్లును మరమ్మతునకు వచ్చుచుండెడివి. వానిని విప్పి చూచుచు, ఏవి చెడుచున్నవో, ఎందుకు చెడుచున్నవో అతడు గ్రహించెను. కనుకనే అతడు రూపొందించిన గిటారు మరమ్మతుదారుని బుద్ధితో చేసిన గిటారు. పూర్వపు గిటారులకు మెడను జిగురుతో అతికెడివారు. ఫెండర్ నాలుగు స్క్రూలతో బిగించెను. మెడ చెడినచో స్క్రూలు విప్పి వేరొక మెడ పెట్టుకొనవచ్చును. వాల్యూమ్ కంట్రోలు చెడినచో పైరేకు తీసినంతనే చేతికి అందును. రేడియో ఛాసిస్ విప్పినవారికి ఈ పొందిక పరిచితమే. విప్పుటకు ఇంత అనువుగా చేయుటచేతనే తరువాతి కాలమున ఈ గిటారుల చరిత్ర చిక్కువడినది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

1950లో రెండు పికప్‌లతో వచ్చిన ఈ గిటారునకు పెట్టిన పేరు 'బ్రాడ్‌కాస్టర్'. మా వృత్తి పేరే వాద్యమునకు వచ్చెనన్నమాట! రేడియో వెలుగుచున్న కాలమది. రేడియోలో వినబడుటయే వాద్యకారునికి భాగ్యము. కాని గ్రెట్ష్ అను కంపెనీ తమ డ్రమ్ములకు ఇంచుమించు ఈ పేరే పెట్టుకొని ఉండెను. 1951 ఆరంభమున వారు అభ్యంతరము చెప్పగా ఫెండర్ తగవునకు పోలేదు. కార్ఖానాలో మిగిలిన పేరుచీటీలనుండి 'బ్రాడ్‌కాస్టర్' అను మాటను కత్తెరతో కత్తిరించి, 'ఫెండర్' అను ముక్కను మాత్రము గిటారు తలపై అంటించి అమ్మిరి. కొన్ని నెలలు అట్లు గడచినవి. తరువాత టెలివిజనును తలపించుచు 'టెలికాస్టర్' అని కొత్త పేరు పెట్టిరి. పేరు లేని ఆ కొద్ది నెలల గిటారులను నేటి సేకర్తలు 'నోకాస్టర్' అందురు. పేరు పోవుటయే వానికి పేరయ్యెను. చీటీలు వృథా కాకూడదని కత్తెర పట్టిన కార్మికునికి ఈ సంగతి తెలిసిన ఎంత నవ్వుకొనునో!

1954లో ఫెండర్ 'స్ట్రాటోకాస్టర్' అను మూడు పికప్‌ల గిటారును తెచ్చెను. తీగెలను ఊగించు మీటతో దాని వెల 249 డాలర్ల 50 సెంట్లు. వ్యాపారము పెరిగెను, ఫెండర్ ఆరోగ్యము తరిగెను. 1965 జనవరిలో అతడు కంపెనీని 130 లక్షల డాలర్లకు అమ్మివేసెను. కొన్నవారు ఎవరనుకొన్నారు? కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్. 1927లో రేడియో సంస్థగా పుట్టిన సి.బి.ఎస్. 'బ్రాడ్‌కాస్టర్' అను పేరు వదలుకొన్న గిటారు పదునాలుగేండ్లకు బ్రాడ్‌కాస్టింగ్ సంస్థ చేతిలో పడెను.

పాత గిటారుల వ్యాపారమునకు గీటురాయి ఇదియే. 'సి.బి.ఎస్. పూర్వపుది' అను ఒక్క మాట ఫెండర్ గిటారు వెలను ఎన్నియో రెట్లు పెంచును. కొత్త యజమానులు ఉత్పత్తి పెంచిరి, ఖర్చు తగ్గించిరి. గిటారు తల వెడల్పయ్యెను. పలుచని లాకరుకు బదులు దళసరి పాలిస్టర్ పూత వచ్చెను. 1971లో స్ట్రాటోకాస్టర్ మెడకు నాలుగు స్క్రూలు పోయి మూడు మిగిలెను. వాద్యకారులు గొణుగుకొనుచు పాత సరుకుల దుకాణములవైపు నడచిరి. తుదకు 1985లో ఆ కంపెనీ ఉద్యోగులును, కొందరు మదుపుదారులును కలసి 125 లక్షల డాలర్లిచ్చి సి.బి.ఎస్. నుండి దానిని కొనివేసిరి.

ఈ గీటురాయిని మేము పూర్తిగా నమ్మము. 1964 డిసెంబరులో చేసిన గిటారును, 1965 ఫిబ్రవరిలో చేసిన గిటారును అవే చేతులు, అవే యంత్రములు, అదే చెక్కతో చేసినవి. యజమాని సంతకము మారినంత మాత్రాన చెక్క మారదు. 1969లో వుడ్‌స్టాక్ సభలో జిమీ హెండ్రిక్స్ వాయించినది సి.బి.ఎస్. కాలపు వెడల్పు తల గిటారే. అయినను విపణికి ఒక తేది కావలెను, తేది దొరికినది.

గిబ్సన్ వారి కథ ఇంకొక విధము. వారు 1952లో, గిటారు వాద్యకారుడును రేడియో కళాకారుడును అయిన లెస్ పాల్ పేరిట, బంగారు రంగు పూసిన నిండు చెక్క గిటారును తెచ్చిరి. 1957లో సెత్ లవర్ అను వారి ఇంజనీరు కల్పించిన జంట చుట్టల పికప్ దానికి అమర్చిరి. ఒకే చుట్ట ఉన్నపుడు పరిసరములలోని విద్యుత్తు తెచ్చిపెట్టు 'గుయ్'మను ధ్వని దీనిలో అణగిపోవును. రెండు చుట్టలు ఆ ధ్వనిని ఎదురెదురుగా పట్టి రద్దు చేసికొనును. 1958లో బంగారు రంగు మాని, చెక్క చారలు కనబడునట్లు అంచుల ఎఱుపు, నడుమ పసుపు కల రంగు వేసిరి. సూర్యాస్తమయపు ఛాయ కల ఈ గిటారులు 1960 వఱకు సుమారు 1,500 మాత్రమే తయారయ్యెను. వెల ఇంచుమించు 250 డాలర్లు. కొనువారు కరవై కంపెనీ ఆ నమూనానే మానివేసెను. 1966లో లండనులో ఎరిక్ క్లాప్టన్ అట్టి గిటారునొకదానిని ఆంప్లిఫయరు హోరెత్తునట్లు వాయించి రికార్డు చేసెను. అది విన్న కుఱ్ఱవారందఱికి అదే గిటారు కావలసివచ్చెను. దుకాణములలో అది లేదు. 1968లో గిబ్సన్ మరల తయారీ మొదలుపెట్టెను గాని కావలసినది కొత్తది కాదు, ఆ పాతదే! పాత సరుకునకు కొత్త సరుకుకంటె ఎక్కువ వెల పలుకుట ఈ రంగమున ఇట్లు స్థిరపడెను. ఆ 1,500లో ఒకటి నేడు లక్షల డాలర్లు పలుకుచున్నది.

1970లో నాష్‌విల్ నగరమున జార్జి గ్రూన్ అనునతడు భాగస్వాములతో పాత వాద్యముల దుకాణము తెరచెను. జంతుశాస్త్రమునందు, విశేషించి పాములయందు, ఆసక్తి కలవాడతడు. పాముల జాతులను పొలుసులనుబట్టి, మచ్చలనుబట్టి గుర్తించునట్లే గిటారులను బిరడాలనుబట్టి, స్క్రూలనుబట్టి వర్గీకరింప మొదలుపెట్టెను. 1991లో అతడును వాల్టర్ కార్టరును కలసి ప్రకటించిన గుర్తింపు గ్రంథము ఈ వ్యాపారమునకు వ్యాకరణమువంటిది.

ఇంతకును ఒక గిటారు ఏ సంవత్సరముదో ఎట్లు తెలియును? వరుస సంఖ్య ఉండునుగదా అందురు. ఫెండర్ గిటారులలో ఆ సంఖ్య మెడను బిగించు రేకుపై ఉండును. నాలుగు స్క్రూలు విప్పిన ఆ రేకు ఏ గిటారుకైనను మారును. కనుక అసలు సాక్ష్యము లోపల వెదకవలెను. మెడను ఊడదీసినచో దాని మడమపై కార్మికుడు పెన్సిలుతో వ్రాసిన నెల, సంవత్సరము కనబడును. 1962 నుండి రబ్బరు ముద్ర వేసిరి. ఆ పెన్సిలు గీత కొరకు సేకర్తలు పడు తహతహ చూడవలసినదే!

రెండవ సాక్షి మన రేడియో ఇంటివాడు. వాల్యూమ్ కంట్రోలు, అనగా పొటెన్షియోమీటరు, వెనుక ఆరేడు అంకెలు ముద్రించి ఉండును. అమెరికా రేడియో పరిశ్రమవారు తమ విడిభాగములకు ఏర్పరచుకొన్న పద్ధతి ఇది. మొదటి మూడంకెలు తయారుచేసిన కంపెనీని తెలుపును: 304 అయినచో స్టాక్‌పోల్, 137 అయినచో సి.టి.ఎస్., 134 అయినచో సెంట్రలాబ్. తరువాతి ఒకటి రెండంకెలు సంవత్సరమును, చివరి రెండు వారమును తెలుపును. 1376612 అని ఉన్నచో సి.టి.ఎస్. వారు 1966వ సంవత్సరము పండ్రెండవ వారమున చేసినదని అర్థము. ఆ కాలపు అమెరికా రేడియో మీ ఇంట ఉన్నచో దాని వాల్యూమ్ కంట్రోలు పుట్టినవారము కూడ ఇట్లే చదువవచ్చును.

అయితే ఈ సాక్షి చెప్పునది సగము నిజమే. గిటారు ఆ తేదీకి ముందుది కాదని మాత్రమే అతడు చెప్పగలడు, ఎంత తరువాతిదో చెప్పలేడు. 1966లో ఫెండర్ కార్ఖానావారు వాల్యూమ్ కంట్రోళ్లను గుట్టలుగా కొనివేసిరి. ఆ నిలువ తరిగిపోవుటకు కొన్నేండ్లు పట్టెను. కనుక 1966 అంకెలు ఉన్నంతనే 1966 గిటారని మురిసి డబ్బు చెల్లించినవారు 1969 గిటారును ఇంటికి తెచ్చుకొనిరి. శాసనములు చదువువారికి ఈ జాగ్రత్త తెలిసినదే. గుడి స్తంభముపై శాసనమున్నంత మాత్రాన గుడియంతయు ఆ యేటిదని చెప్పరాదు. స్తంభము వేరొక గుడినుండి వచ్చియుండవచ్చును.

మూడవ సాక్షి టంకము. కార్ఖానాలో వేసిన టంకము బూడిదరంగుగా, నిస్తేజముగా, కదలింపబడక ఉండును. తరువాత ఎవరైన ముట్టుకొన్నచో మెఱపు, చుట్టు నల్లని మరక కనబడును. నాలుగవది రంగు. అతినీలలోహిత దీపము క్రింద పాత లాకరు ఒక విధమైన పచ్చని కాంతితో వెలుగును. మీద కొత్త రంగు చల్లిన చోట ఆ కాంతి తెగిపోవును. నకిలీ నోట్లు చూచు దీపమే ఇచ్చటను.

సాక్ష్యమునకు ఇంత విలువ వచ్చిన తరువాత మరమ్మతునకు ఏ గతి పట్టునో పాఠకులు ఊహింపగలరు. గీతలుపడి వెలసిన పాత రంగును గీకి, అంతకంటె అందముగా కొత్త రంగు వేసినచో, వ్యాపారుల లెక్కలో వెల సుమారు సగమునకు పడిపోవును. గిబ్సన్ గిటారు తల విఱిగి, అతుకు కనబడనంత నేర్పుగా అతికించినను అదే లెక్క. పికప్ చుట్టలో తీగ తెగి మూగవోయినచో కొత్త తీగ చుట్టించిన అది పలుకును. కాని వెల తగ్గును. చివరకు టంకము ముట్టుకొనుటయు లెక్కలోనికి వచ్చును. 1950ల నాటి కొన్ని గిబ్సన్ గిటారులలో స్ప్రేగ్ కంపెనీ నల్లని కండెన్సర్లు ఉండెడివి. రంగురంగుల చారలుండుటచేత వానికి 'తుమ్మెద' అని పేరు. ఆ కాలపు రేడియోలలోను, టెలివిజనులలోను అవే కండెన్సర్లు. విద్యుత్తును కాఱనిచ్చు అపఖ్యాతి వానికి కలదు. రేడియో బాగుచేయువారు ముందుగా పీకి పారవేయునవి అవియే. గిటారువారు వానినే పాత రేడియోల పొట్టలు చీల్చి వెదకుకొని మంచి వెలకు కొనుచున్నారు. ఒకరి చెత్త మఱియొకరి బంగారమగుట ఇంత చక్కగా మేము మఱెక్కడను చూడలేదు.

ఇందులో హాస్యమే కాదు, నష్టమును ఉన్నది. 1958-60 గిటారులపై మోజు ముదిరినపుడు, 1950లలోని బంగారు రంగు గిటారులను కొని, ఆ రంగు గీకివేసి, చెక్క తొలిచి జంట పికప్‌లు అమర్చి, సూర్యాస్తమయపు ఛాయ పూసినవారు అనేకులు. చేసినది మంచి పనివారే. వాయించుటకు అవి మంచి గిటారులే. నేడు ఆ బంగారు రంగువే గొప్ప వెల పలుకు పాత వస్తువులు. ఒకదానివలె కనబడుటకై వేరొకటి నశించెను. మునుపటి తేనెటీగ మైనపు మరకలు, చెమట చాఱలు, మీసాల కత్తితో గీచిన పేర్లు, అన్నియు గరుకు కాగితము క్రింద పొడియై పోయెను. ఆ పొడిని ఎవరు తిరిగి తేగలరు?

దీనికి విరుద్ధమైన వేడుక కూడ ఒకటి చెప్పవలెను. 1995లో ఫెండర్ కంపెనీవారు కొత్త గిటారులనే పాతవానివలె గీతలు గీచి, రంగు రాల్చి, లోహమునకు తుప్పు పట్టించి అమ్మ మొదలుపెట్టిరి. సాధారణపు కొత్త గిటారుకంటె వానికి వెల ఎక్కువ. ముసలితనమును కొనుక్కొను కాలము!

మరి ఏమి చేయుట తగును? ఈ విషయములో మన వీణలవారిని చూడవలెను. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి చేసిన వీణ తరములు మన్నును. దాని మెట్లు మైనముపై నిలిచి ఉండును. మైనము ఎండి పగిలినపుడు, మెట్లు అరిగి స్వరము తప్పినపుడు, మరల మేళము కట్టించుదురు. మైనము పాతది కాదు గనుక వీణ పాతది కాదని అనువారు ఎవరును లేరు. అరుగుటకే పుట్టిన భాగములు, నిలుచుటకు పుట్టిన భాగములు అను వివక్ష అందులో ఉన్నది. గిటారువారును మెల్లగా ఈ దారికే వచ్చిరి. మెట్లు అరిగినచో మార్పించుటను ఎక్కువమంది తప్పుపట్టరు. తీగెలు ఆనిన చోటి ఎముక ముక్క మార్చుట, మెడలోని ఉక్కు కడ్డీని త్రిప్పి వంపు సవరించుట ఆక్షేపణీయములు కావు. రంగు, చెక్క, పికప్ చుట్ట మాత్రము తప్పనిసరి అయిననే తప్ప ముట్టరాదు. ముట్టినను, మరల వెనుకటి స్థితికి తేగలిగినంతవఱకే ముట్టవలెను.

కాలము తానే కొన్నిటిని చెఱచును. 1959 మొదలు కొన్నేండ్లు ఫెండర్ వాడిన పైరేకులు సెల్యులాయిడుతో చేసినవి. పాత సినిమా ఫిల్ముల జాతి పదార్థమది. క్రమముగా ముడుచుకొని, స్క్రూల వద్ద చీలును. ఫిల్ము భాండాగారముల వారికి ఈ రోగము చిరపరిచితము. మందు లేదు, చల్లగా, గాలి తగులునట్లు ఉంచుటయే.

ఈ నియమములన్నియు చెప్పి, వానిని త్రోసివేసిన రెండు గిటారులను చెప్పకపోవుట న్యాయము కాదు. 1970లో క్లాప్టన్ నాష్‌విల్‌లో ఒక దుకాణమున అనేక పాత స్ట్రాటోకాస్టర్లను చవుకగా కొనెను. కొన్నిటిని మిత్రులకు పంచిపెట్టెను. మిగిలిన మూడింటిలో ఒకదాని మెడ, ఒకదాని దిమ్మ, ఒకదాని పికప్‌లు తీసికొని ఒక్క నల్లని గిటారుగా కూర్చుకొనెను. సేకర్తల వ్యాకరణములో ఇది అపశబ్దము. మూడు సాక్ష్యములను చెఱచి చేసిన నాలుగవది. 2004 జూన్‌లో న్యూయార్కులోని క్రిస్టీస్ వేలములో అది 9,59,500 డాలర్లకు అమ్ముడుపోయెను. రెండవది పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి గిబ్సన్. దాని జంట పికప్‌లలో ఒకదాని అయస్కాంతము తలక్రిందుగా ఉన్నది. రెండు పికప్‌లు కలిపి వాయించినపుడు శబ్దము సన్నగిల్లి, ముక్కుతో పాడినట్లు వినబడును. శుద్ధముగా అది లోపము. జాగ్రత్తపరుడైన మరమ్మతుదారు ఎవడైన ఆ అయస్కాంతమును సరిచేసి ఉన్నచో, ఆ గిటారు నాదము లోకమున వేరొకటి లేకుండ పోయెడిది. అది చేతులు మారుచు 2014లో కర్క్ హామెట్ అను వాద్యకారుని వద్దకు చేరెను. అయస్కాంతమును సరిచేయవలెనని ఎవరికిని తోచలేదు.

కనుక వస్తువు మారలేదను గుణము ఒక్కటే విలువ కాదు. ఎవరు మార్చిరి, ఎందుకు మార్చిరి అనునది కూడ చరిత్రయే. మన పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ గారిని తలచుకొనుడు. మాండొలిన్‌కు జంటజంటలుగా ఎనిమిది తీగెలు. వాని నాదము మీటినంతనే ఆఱిపోవును, గమకము సాగదు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టి, జంటలు తీసివేసి, అయిదు విడి తీగెలు కట్టించుకొనిరి. పికప్, ఆంప్లిఫయరు ఇచ్చిన నిలుకడతో తోడిని, భైరవిని ఆ వాద్యముపై పలికించిరి. 2014లో వారు మనకు దూరమైరి. వాద్యమును ఉన్నదున్నట్లు ఉంచవలెననువారు వారి బాల్యములో ఆ మాండొలిన్‌కు కావలి ఉన్నచో మనకు ఆ సంగీతము దక్కి ఉండునా?

మా తగవు వాద్యకారులతో కాదు. వాయించుటకు మార్చుకొనువానికి ఆ హక్కు ఉన్నది. వాయింపక, అమ్మకమునకు నిగనిగలాడించుటకై గీకువానితోను, పెట్టెలో పెట్టి బ్యాంకు కొట్టులో తాళము వేసి వెల పెరుగుట కొరకు కాచుకొనువానితోను మాత్రమే మాకు పేచీ. 2008 ఆర్థిక సంక్షోభముతో పాత గిటారుల వెలలు దిగినపుడు, లాభమునకై కొన్నవారు గగ్గోలు పెట్టిరి. వాయించుటకు కొన్నవారి గిటారులు ఆనాడును ముందటివలెనే పలికినవి.

మన పాఠకులలో పాత గిటారు కొనువారు, లేక తండ్రులు కొన్న గిటారును అటకపైనుండి దింపువారు ఉందురు. వారికి మా మాట. ముందుగా వాయించి వినుడు. మెడ వంపును తీగె వెంబడి కన్నుపెట్టి చూడుడు. ప్రతి మెట్టువద్దను మీటి, ఎక్కడ తీగె గరగరలాడునో గుర్తుపెట్టుకొనుడు. మీటలు త్రిప్పినపుడు చిటపట వినబడినచో భయపడవలదు. మన రేడియో వాల్యూమ్ మీటకు వచ్చు రోగమే అది, శుభ్రపరచిన పోవును. అమ్మువాడు ఒప్పుకొన్నచో పైరేకు విప్పి లోపల చూడుడు. ఒప్పుకొననిచో ఆ సంగతిని కూడ వెలలో లెక్కించుకొనుడు. విదేశమునకు పంపదలచినచో మెడపై పలక ఏ చెక్కయో తెలిసికొనుడు. బ్రెజిలు రోజ్‌వుడ్‌ను 1992లో అంతర్జాతీయ ఒప్పందము క్రింద నిషేధపు పట్టికలో చేర్చిరి. పాత వాద్యమైనను పత్రములు లేక సరిహద్దు దాటరాదు.

మరమ్మతుదారునకు ఇచ్చునపుడు ఏమి చేయవలెనో చెప్పుటతోబాటు ఏమి చేయరాదో కూడ కాగితముపై వ్రాసి ఇయ్యుడు. తీసివేసిన ప్రతి వస్తువును, తుప్పుపట్టిన స్క్రూతో సహా, తిరిగి ఇమ్మనుడు. దానిని కవరులో వేసి, పైన తేది వ్రాసి, గిటారు పెట్టెలోని అరలో ఉంచుడు. అట్టి కవరులు ఉన్న గిటారుకు వ్యాపారులు ఎక్కువ ఇత్తురు. మా గాజుపలకకు అట్టి కవరు ఒకటి అడుగవలెనని ఆనాడు మాకు తోచలేదు.